అనంతపురంలో నేను కురిపించిన వానలు

నడి ఎండాకాలంలో, అనంతపురంలో, వరసగా నెల రోజులు వాన కురిపించిన మొనగాణ్ని నేను. నమ్మరని తెలుసు. నేను నమ్మాను, అదే వచ్చిన చిక్కు. ఉన్న పరువు ఒక్క పూటలో ఎలా పోగొట్టుకోవాలో నేర్చుకోవాలనుకునేవాళ్లు కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఇంజనీరింగు డిగ్రీ చేతికొచ్చింది, తెలివి ఇంకా దారిలో ఉంది. మా చిన్న కంపెనీకి ఊళ్లో ఒక పార్కు అప్పగించారు. నీళ్లు వాటంతటవే మొక్కలకు అందాలి, ఒక్క చుక్క వృథా కాకూడదు. వేసవిలో మనుషులకే ట్యాంకర్లు తోలే ఊరు మాది. అందుకే మున్సిపాలిటీ ఇంజనీరు సారు ముందే తేల్చేశారు. నెల తర్వాత వచ్చి చూస్తాను, మొక్కలు బతికితే సరే, ఎండితే పార్కుకు నీళ్లు ఆపేసి గేటుకు తాళం వేయిస్తాను అన్నారు.

ఆ పార్కులో ఎనభై కానుగ మొక్కలు. అన్నీ తోటమాలి నాగమ్మ తన చేతులతో నాటినవే. ఆమె వాటికి పేర్లు పెట్టలేదు గానీ, తిట్టడం మాత్రం కన్నబిడ్డల్ని తిట్టినట్టే తిట్టేది.

నేను గొట్టాలు పరిచాను, వాల్వులు బిగించాను, అన్నిటినీ నా ఫోనుకు కలిపాను. చివరికి వాన గిన్నె మిగిలింది. అరచేతి వెడల్పు ఉంటుంది. అందులో నీళ్లు నిలిస్తే యంత్రం వాన పడిందనుకుని ఆ రోజుకు వాల్వులు మూసేస్తుంది. దాన్ని ఎవరికీ అందని ఎత్తులో పెట్టాలని కంపెనీ పుస్తకంలో రాసుంది. నా దగ్గర నిచ్చెన లేదు, నెత్తిన ఎండ మాత్రం ఉంది. నడుమెత్తు ప్రహరీ గోడ మీద బిగించి చేతులు దులుపుకున్నాను.

ఇదేమి సారూ అని నాగమ్మ అడిగింది. “అదంతా నీకెందుకులేమ్మా. రేపట్నుంచి నువ్వు నీళ్లు పట్టే పనే లేదు, యంత్రం చూసుకుంటాది” అన్నాను. ఈ మాట గుర్తుంచుకోండి. తర్వాత నేనే దాన్ని నమిలి మింగాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున ఆరున్నరకు ఫోను మోగింది. ‘వాన. నీరు ఆపబడింది.’ కిటికీలోంచి చూస్తే ఆకాశం తోమిన కంచంలా ఉంది. మబ్బు పార్కు మీదే కురిసి పోయుంటుందనుకున్నాను. రెండో రోజూ ఆరున్నరకే వాన. మూడో రోజూ అంతే. పార్కు మా గదికి స్కూటరు మీద పది నిమిషాలు, ఓసారి వెళ్లి చూడొచ్చు కదా అంటారు. చూడకుండా నడపడమే కదండీ దాని గొప్ప. వెళ్తే యంత్రాన్ని అవమానించినట్టు కాదూ?

వారం తిరగ్గానే ముదిగుబ్బలో ఉన్న మా నాయనకు ఫోను చేసి గొప్పలు పోయాను. ఆయన వేరుశనగ రైతు. వాన అనే మాట వింటే నిద్రలోంచి కూడా లేచి కూర్చుంటాడు.

“ఏమప్పా, ఈడ చుక్క రాల్లేదు. ఆడ దినామూ పడతాందా?”

“పడతాంది నాయనా. ఆరున్నరకు, టయానికి.”

“అట్లయితే ఆ పార్కులో రెండెకరాలు కౌలుకిస్తారేమో కనుక్కో. శెనక్కాయ ఏసుకుంటా.”

పార్కు మొత్తం ఎకరమే నాయనా అని వినయంగా చెప్పాను. అది ఎగతాళి అని తెలుసుకునే యంత్రం నా దగ్గర లేదు.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. మొదటిది నాకు రోజూ ఆరున్నరకు తెలిసేది. రెండోది తనిఖీ రోజున తెలిసింది.

ఎండకు జడిసి ఆ తనిఖీ తెల్లవారగానే పెట్టారు. గేట్లో అడుగు పెట్టి చుట్టూ చూశాను. పచ్చిక కొబ్బరి పీచులా ఉంది. పూలమడుల్లో పుల్లలు మిగిలాయి. నెల రోజులు వాన పడిన నేల నెర్రెలిచ్చి నన్ను చూస్తోంది. సారు పచ్చికను చూశారు, తర్వాత నన్ను చూశారు. భయంతో నాకు నోరు అదుపు తప్పింది. ఫోను ముందుకు చాపి, ఒక్క చుక్క కూడా ఖర్చు కాలేదు సార్ అన్నాను.

“శ్మశానంలోనూ ఖర్చు కాదు కదప్పా” అన్నారాయన.

తాళం తెమ్మని చెప్పబోతూ ఆగిపోయారు. గోడ వెంట ఎనభై కానుగలూ నవనవలాడుతున్నాయి. నాగమ్మ ముందుకొచ్చింది.

“యంత్రం ఒక్కదినం కూడా నీళ్లిడ్సలేదు సార్. కుమ్మరోళ్ల కాడ మూతి పగిలిన కుండలు పడుంటే తెచ్చి, మొక్కకొకటి పాతినా. గేటుకాడ కొళాయిలో పట్టి వారానికి రెండుతూర్లు నింపితే చాలు. కుండ చెమరిస్తాది, వేరు తాగుతాది. ఈ సారుకు చెప్తే బెదిరిపోతాడని ఊరికే ఉండినా.”

అంత సిగ్గులోనూ నాకు ఏడుపొచ్చినంత పనైంది. మరి నీ యంత్రం నీళ్లెందుకు వదల్లేదయ్యా అని సారు అడిగారు. అప్పటికి సరిగ్గా ఆరున్నరయింది. నాగమ్మ కొంగు బిగించి, చెంబుతో నీళ్లు తీసుకుని గోడ దగ్గరికి నడిచి, నా వాన గిన్నెను నిండా నింపింది. బిలబిలమంటూ పిచ్చుకలు వాలాయి. నా చేతిలో ఫోను మోగింది. వాన.

“ఈ సారు మనసు మంచిది” అంది నాగమ్మ గర్వంగా. “పిచ్చుకలకని గిన్నె పెట్టినాడు. నేను దినామూ నింపుతాండా.”

ఎండాకాలం గోడల మీద పక్షులకు నీళ్లు పెట్టడం మా వైపు ఇంటింటి అలవాటే. మా అమ్మా పెడుతుంది. నడుమెత్తు గోడ మీద గిన్నె కనిపిస్తే అనంతపురంలో ఎవరైనా నింపుతారు. ఆ సంగతి పుస్తకం రాసినవాడికి తెలియకపోవచ్చు, నాకు తెలియాలి కదా.

సారు బెంచీ మీద కూలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. తాళం మాట మళ్లీ ఎత్తలేదు. ఆ రోజే నిచ్చెన తెచ్చి గిన్నెను స్తంభం పైకెక్కించాను. పిచ్చుకలకు గోడ మీద మట్టి మూకుడు పెట్టాను. నాగమ్మ చెప్పినట్టే గొట్టాలను కుండల్లోకి తిప్పాను. ఇప్పుడు యంత్రం వారానికి రెండుసార్లు కుండలు నింపుతుంది. మరుసటి ఏడు ఊళ్లోని మిగతా పార్కులకూ ఇదే పద్ధతి వచ్చింది. కుండ ఎక్కడ పాతాలో చూపిస్తూ ముందు నాగమ్మ నడిచింది, నిచ్చెన మోస్తూ వెనక నేను నడిచాను. నా జీవితంలో అంత గొప్ప ఊరేగింపు ఇంకొకటి లేదు.

కాబట్టి ఆ చెంబు సాక్షిగా, ఆ పిచ్చుకల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అనంతపురంలో వాన పడిందని ఎంత ఘనమైన యంత్రం చెప్పినా, బయటికెళ్లి నా నెత్తి తడిసేదాకా నమ్మను. ఒకవేళ నేను మరిచినా నాగమ్మ మరవనివ్వదు. పార్కులోకి నేను రావడం ఆలస్యం, అందరికీ వినపడేలా చెబుతుంది.

“వానల సారు వచ్చినాడు. ఆరేసిన గుడ్డలు తీసుకోండప్పా.”