నానమ్మ మోకాళ్ళ నూనె

మూకుట్లో నువ్వుల నూనె కాగి పొగ లేస్తే, ఇప్పటికీ నాకు తాతయ్య కారే గుర్తొస్తుంది.

తాతయ్య పోయాక అయిదేళ్ళపాటు అది దువ్వాడలో మా పెరట్లో కదలకుండా పడివుంది. ఒక శనివారం నాన్న పిలిస్తే అప్పలరాజు మేస్త్రీ వచ్చి, ప్లగ్గులు ఊడదీసి చూశాడు. "ఇంజను బిగిసిపోనాది సార్. ఈ నాలుగు బొక్కల్లోనూ నూని పోసి నాననివ్వండి. రేపు తిరిగితే తిరిగినట్టు, నేదంటే పాత ఇనప కొట్టుకే" అన్నాడు. నాన్న సరేనని, స్టీలు ప్లాంటులో డ్యూటీకి వెళ్ళిపోయారు.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. బిగిసిపోయినవాటికి ఏ నూనె వాడాలో నాకు బాగా తెలుసు. నానమ్మ మోకాళ్ళకు రోజూ రాసేది నేనే మరి! ఆ నువ్వుల నూనె సీసా తెచ్చి, నాలుగు బొక్కల్లోకీ సమానంగా వంచేశాను.

మర్నాడు మేస్త్రీ ప్లగ్గులు పెట్టి, కొత్త బ్యాటరీ బిగించి తాళం తిప్పాడు. ఇంజను దగ్గింది, వణికింది, స్టార్టయింది. వీధంతా తెల్లటి పొగ. పక్కింటి సత్యవతత్త గోడ మీంచి తొంగిచూసి, "ఏటండీ, కార్లో గారెలొండతన్నారేటి?" అంది.

మేస్త్రీ గట్టిగా వాసన పీల్చాడు. "ఏ నూని పోసారు సార్?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాన్న నా గౌను మీది జిడ్డు మరకను ఒక్క క్షణం చూసి, "ఇంట్లో ఉన్నదే పోశానయ్యా" అన్నారు హుందాగా.

నన్ను కాపాడటానికే నాన్న అబద్ధమాడారని ఏళ్ళతరబడి మురిసిపోయాను. నూనె పొయ్యమన్న సంగతే ఆయన మరిచిపోయారని నాకు తట్టడానికి, ఓ మతిమరుపు మొగుడితో పదేళ్ళు కాపరం చెయ్యాల్సి వచ్చింది.