గురునాథరావు గారి కంటి శిబిరం

రైలు గేటు దగ్గర పల్లీలమ్ముకుని పైకొచ్చిన మనిషని గురునాథరావు గారి గురించి సన్మాన సభల్లో చెబుతూంటారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా సన్యాసమ్మకి ఒళ్ళు మండేది. కంచరపాలెం రైలు గేటు దగ్గర ఆయన పల్లీలు తినడం ఆవిడ చూసింది గానీ, అమ్మడం ఏనాడూ చూడలేదు. శృంగవరపుకోట అవతల తండ్రి పొలం అమ్మి డబ్బిస్తే వెల్డింగు మిషను కొనుక్కుని వచ్చాడాయన. పేదరికం ఆయనకి డబ్బొచ్చాక వచ్చింది. సన్మానానికి శాలువా ఎలాగో, చిన్ననాటి పేదరికం కూడా అలాగే కప్పుకునేవాడు.

మిషను ఆయనదే. దాని మీద పనిచేసిన చేతులు మాత్రం సన్యాసమ్మ మొగుడు తవిటయ్యవి. ఇద్దరిదీ ఒకే ఊరు, వరసకి బావలు. డెబ్బై ఒకటిలో పట్టాల పక్కన రేకుల షెడ్డు వేసి కిటికీ గ్రిల్లులూ గేట్లూ చెయ్యడం మొదలుపెట్టారు.

"బావా, నువ్వు మిషన్ కాడుండు, నాను బేరాలు సూసుకుంటాను. ఇది మనిద్దరిదీ" అన్నాడు గురునాథరావు.

తవిటయ్య నమ్మాడు. నమ్మడం అతనికి పుట్టుకతో వచ్చిన జబ్బు.

తరవాత పోర్టు పెరిగింది. ఉక్కు ఫ్యాక్టరీ వస్తోందన్నారు. దాని వెనక కాంట్రాక్టులొచ్చాయి. గ్రిల్లుల షెడ్డు ఇంజనీరింగ్ వర్క్స్ అయింది. గురునాథరావు లుంగీ వదిలి సఫారీలోకి, కంచరపాలెం వదిలి సీతమ్మధార మేడలోకి, మన యాస వదిలి రేడియో భాషలోకి మారిపోయాడు. ఒకరోజు ఆఫీసు గదిలో పెద్దమనుషులెవరో ఉండగా తవిటయ్య అలవాటుగా "బావా" అన్నాడు. ఆయన పలకలేదు. వాళ్ళ వైపు తిరిగి చిన్నగా నవ్వాడు. మర్నాటి నుంచి తవిటయ్యే "బాబు గారూ" అనడం మొదలుపెట్టాడు. "మనిద్దరిదీ" అన్న మాట గురించి అడగడం ఇంకెక్కడిది?

డబ్బు చేరాక ఆయనకి ధర్మం పట్టుకుంది. బస్టాపులో ఇనప బెంచీలు వేయించాడు. కూర్చున్నవాడి వీపుకి గుచ్చుకునేంత ఎత్తున వాటి మీద తల్లి పేరు పెట్టించాడు. ఆ అక్షరాలన్నీ అతికింది తవిటయ్యే. వేసవిలో ఊళ్ళో నాలుగు చోట్ల చలివేంద్రాలు పెట్టించాడు. షెడ్డులో పనిచేసేవాళ్ళు మాత్రం దాహమేస్తే గేటు దాటి వీధి బోరింగు దగ్గరికి పోవాల్సిందే.

సన్యాసమ్మకి నీళ్ళ మీద కోపం లేదు. ఆవిడ బాధంతా నల్లద్దం గురించి. వెల్డింగు చేసేవాడు మొహానికి అడ్డం పెట్టుకునే డాలుకి ఒక నల్లద్దం ఉంటుంది. నిప్పురవ్వలు పడి పడి అది మసకబారుతుంది, బీటలిస్తుంది. అప్పుడు మార్చాలి. గురునాథరావు గారి షెడ్డులో అది తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటేనే మారేది. మిగతా రోజుల్లో పగిలిన అద్దంలోంచి ఏమీ కనపడక, తవిటయ్య డాలు పక్కన పడేసి, కళ్ళు చికిలించి, ఆ తెల్లటి మంటలోకి సూటిగా చూస్తూ అతికేవాడు. సాయంత్రానికి కళ్ళల్లో ఇసక పోసినట్టుండేది. తలుపు దగ్గరికి తడుముకుంటూ వచ్చేవాడు.

దానికి కంచరపాలెంలో వెల్డర్ల ఇళ్ళన్నిటిలోనూ ఒకటే వైద్యం. చనుబాలు. సన్యాసమ్మ చిన్న గిన్నె పట్టుకుని వీధిలో పసిబిడ్డల తల్లుల దగ్గరికి వెళ్ళేది. పక్కింటి చిట్టమ్మ ఒడిలో బిడ్డని సర్దుకుంటూ "మళ్ళీ ఏటొదినా, నా కొడుక్కి మిగల్నిత్తావా నేదా?" అని నవ్వుతూనే నాలుగు చుక్కలు పిండి ఇచ్చేది. అవి కళ్ళల్లో వేస్తే చల్లబడేది, మంట తగ్గేది. తెల్లారేసరికి తవిటయ్య మళ్ళీ తయారు. తర్వాత్తర్వాత సన్యాసమ్మ తనని తాను తిట్టుకున్నది ఇందుకే. మంట తగ్గితే కన్ను బాగైనట్టే అనుకుంది. ఏ రోజుకా రోజు చల్లబరిచి, మర్నాడు కాలడానికి మొగుణ్ణి చేతులారా పంపింది.

గేటు దగ్గర కాపలా పనైనా ఇమ్మని ఆవిడ గురునాథరావుని ఎన్నిసార్లు అడిగిందో.

"అన్నయ్యా, ఆడి కళ్ళు పోతన్నాయి. ఆ మంట కాణ్ణుంచి తప్పించు."

"తవిటయ్య చెయ్యి బంగారమమ్మా. అతను లేకపోతే నా కంపెనీయే లేదు" అనేవాడాయన.

ఆ ముక్క వినగానే తవిటయ్య వెన్నలా కరిగిపోయేవాడు. ఆయనకి రూపాయి ఖర్చు లేకుండా కొత్త అద్దం కొనే పని కూడా తప్పిపోయేది.

ఎనభై నాలుగులో ఆయన తల్లి పేరిట ఉచిత కంటి శిబిరం పెట్టాడు. రంగుల షామియానా వేశారు. మైకులో పాటలు మోగాయి. పల్లెల నుంచి లారీల్లో ముసలివాళ్ళని తెచ్చారు. అప్పటికి తవిటయ్యకి పక్కనున్నవి మసగ్గా తెలిసేవి గానీ, ఎదురుగా ఏది చూసినా దాని మీద ఒక నల్ల మచ్చ. మనిషి భుజాలు కనపడేవి, మొహం కనపడేది కాదు. సన్యాసమ్మ అతన్ని తీసుకెళ్ళి వరసలో నిలబెట్టింది. డాక్టరు లైటు వేసి చూసి, ఏం పని చేస్తావని అడిగి, తల అడ్డంగా ఊపాడు.

"ఇది పొర కాదమ్మా, తీసెయ్యడానికి. లోపల కాలిపోయింది. దీనికి ఆపరేషన్ లేదు. ఇంక ఆ మంట చూశాడో, ఉన్నది కూడా పోతుంది."

సన్యాసమ్మ ఏడవలేదు. నేరుగా గురునాథరావు దగ్గరికి పోయి డాక్టరు మాట చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించాడు. జాలి పడుతున్నాడేమో అనుకుంది పిచ్చిది.

"రేపు సభ ఉందమ్మా. పెద్ద ఆఫీసరు వస్తున్నారు. మన కంపెనీ కార్మికుడే లేచి, శిబిరంలో నాకు చూపొచ్చిందని రెండు మాటలు చెబితే బాగుంటుంది. చెప్పించు. గేటు పని ఖాయం."

అబద్ధమని ఆవిడకి తెలుసు. ఒక అబద్ధంతో మొగుడు మంట దగ్గర్నుంచి తప్పుకుంటాడు గదా అనుకుంది. ఇంటికెళ్ళి తనే నేర్పింది. తవిటయ్యకి పెద్దగా నేర్పక్కర్లేకపోయింది. బావ గురించి మంచి చెప్పమంటే అతనికి పండగే.

మర్నాడు మైకు ముందు చేతులు కట్టుకుని చెప్పాడు. "బాబు గారి దయవల్ల నాకు సూపొచ్చినాది. అన్నీ కనిపిత్తన్నాయి. ఆరి పిల్లాపాపా సల్లగుండాలి."

చప్పట్లు మోగాయి. ఆఫీసరు గారు నిజంగానే సంతోషపడ్డాడు. మంచివాడే పాపం, ఆయనకేం తెలుసు. "ఏం పని చేస్తావు నువ్వు?" అని అడిగాడు.

"వెల్డింగండి."

"చాలా సంతోషం! అయితే సోమవారం నుంచి మళ్ళీ పనిలోకి వెళ్ళొచ్చన్నమాట!"

జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. సన్యాసమ్మ గురునాథరావు వైపు చూసింది. ఆయన ఒక్క ముక్క అంటే చాలు. లేదండీ, ఇతనికి తేలిక పని ఇస్తున్నామని అంటే చాలు. అందులో కూడా ఆయనకే పేరొచ్చేది. ఆయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

సోమవారం గేటు దగ్గర మేనేజరు అడ్డం నిలబడ్డాడు. "చూపొచ్చిందని నువ్వే నలుగురిలో చెప్పావు. ఇప్పుడు కాపలాకి కూర్చోబెడితే మా శిబిరానికి ఎంత అప్రతిష్ఠ! చేస్తే వెల్డింగు చెయ్యి, లేకపోతే మానెయ్యి."

తవిటయ్య లోపలికి పోబోయాడు. నిజంగానే పోబోయాడు, ఆ మహానుభావుడు! "ఆఫీసరు ముందర బాబు గారి మాట పోతాదే" అన్నాడు. సన్యాసమ్మ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, వీధంతా వినపడేలా తిట్టుకుంటూ ఇంటికి తీసుకొచ్చింది. ఆ వారమే హార్బరు దగ్గర రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి కుదిరింది. సాయంత్రాలు మొగుణ్ణి చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించేది.

మరుసటేడు శిబిరానికి కంచరపాలెం గోడల నిండా పోస్టర్లు పడ్డాయి. టీ కొట్టతను కేకేశాడు. "ఓ తవిటయ్యా! నీ బొమ్మేసినార్రా, మైకు ముందర నిలబడ్డావు!"

సన్యాసమ్మ చూసింది. చూపు పొందిన మా కార్మికుడు అని రాసి ఉంది. లాక్కుపోదామనుకుంది గానీ, తవిటయ్య కదిలితే గదా. మొహం వెలిగిపోయింది.

"సూసినావా, బావ నన్ను మర్సిపోనేదు" అన్నాడు. చాలా ఏళ్ళకి మళ్ళీ నోరారా బావ అన్నాడు.

గోడ దగ్గరికి జరిగి, చెయ్యి చాపి, కాగితాన్ని మెల్లగా తడిమాడు. మధ్యలో ఉన్న పెద్ద మొహం మీద చెయ్యి ఆగింది. దాని చెంపలు నిమిరాడు.

"బాగానే పడ్డానేటే?"

ఆవిడకి ఆ గోడ మీద ఉమ్మెయ్యాలనిపించింది. ఏడుపూ వచ్చింది.

"అది నువ్వు కాదు, మీ బావ" అంది. "నువ్వు కిందన మూలకున్నావు."

అతని చెయ్యి పట్టుకుని అక్కడికి దించింది.