అన్ని రంగులూ ఉన్నాయి మామా!

ఒక్క పూటలో ఇద్దరు తోటికోడళ్ల మధ్య నిప్పు రాజేసి, నా కాపురం కూడా కూల్చుకోబోయాను. మీరు నవ్వండి, ఫరవాలేదు. ఆనాడు మాత్రం నేను ఏడ్చాను.

కొత్తగా కాపురానికి వచ్చాను. కేతేపల్లిలో మా పుట్టింటివాళ్లు తెల్ల ధోతులు నేసేవాళ్లు. తెల్ల దారం పక్కన తెల్ల దారం. ఏది ముందో ఏది వెనకో మాకేం పట్టింపు? అత్తగారింట్లో అన్నీ చారల అంచు చీరలే. అప్పుడు మగ్గం మీద ఊరి పటేలు కోడళ్లిద్దరికి ఒకే అంచుతో జంట చీరలు నడుస్తున్నాయి. ఆ ఇద్దరూ ఎట్లాంటివాళ్లంటే, ఒకామె గిన్నెలో నెయ్యి చుక్క ఎక్కువ పడితే రెండో ఆమె ఆ పూట అన్నం ముట్టదు.

ఒక చీర పూర్తయ్యేసరికి పడుగు, అంటే మగ్గం మీది నిలువు దారం, అయిపోయింది. కొత్త పడుగు దారాలను పాతవాటి కొసలకు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. మామ బయటికి పోతూ అడిగాడు.

"రెండు పడుగులు ఒక్కతీరుగ ఉన్నయా బిడ్డా? జర చూస్కొని అతుకు."

మామ ఎదుటికి రాకూడదు కనుక తలుపు చాటు నుంచే చూశాను. ఎరుపుంది, పసుపుంది, నలుపుంది.

"ఒక్కతీరే ఉన్నయ్ మామా!"

దారం జారకుండా వేళ్లకు బూడిద రాసుకుని కూర్చున్నాను. పసుపు కొసకు నలుపు దారం వచ్చింది. చెయ్యి ఆగింది. రంగులన్నీ ఉన్నాయి కదా, ఏది ఎక్కడుంటేనేం అనుకుని అతికేశాను. ఎంత తెలివో చూడండి!

మర్నాడు మామ మగ్గంలో కూర్చున్నాడు. నేను పొయ్యి మీద జొన్న గటక కలుపుతున్నాను. టకటకలాడుతున్న మగ్గం ఠక్కున ఆగింది. తెడ్డు కుండలోనే వదిలి తలుపు చాటుకు వచ్చాను.

"ఎవరతికిండ్రు గీ అంచు?"

"నేను కాదు నాయినా!" అన్నాడు మా ఆయన. ఎంత తొందరో మనిషికి!

"అన్ని రంగులున్నయ్ మామా..." అన్నాను నేను.

"ఉన్నయ్. నీ మొగనికి ముక్కుంది, చెవులున్నయ్. ముక్కు తీస్కపోయి చెవి కాడ, చెవి తెచ్చి మూతి మీద పెడితే, గప్పుడు గూడ వాడు నీ మొగడే అంటవా?"

ఇక అయిపోయిందనుకున్నాను. పటేలు ఇంట్లో కొట్లాట, ఆ వెంటనే మా వాకిట్లో పటేలు! కళ్ల ముందు అదే కనబడింది. లోపలికి పోయి నా బట్టలు మూటగట్టుకుని, ఏడుస్తూ గడప దగ్గర నిలబడ్డాను.

"మూటేంది పిల్లా?"

"మీరు ఎల్లగొట్టకముందే పోత మామా."

"పోతె గీ అతుకులన్నీ ఎవరిప్పాలె, మీ నాయినొస్తడా? మూట ఆడ పెట్టి బూడిద తెచ్చుకో!"

ఆ బూడిద చేతులతోనే మగ్గానికి మొక్కి ఒట్టేసుకున్నాను. రెండు చీమల బారులు పక్కపక్కన పోతున్నా సరే, మొదటి చీమ నుంచి చివరి చీమ దాకా వరుసగా చూడనిదే, ఈ జన్మలో "ఒక్కతీరే" అనను గాక అనను!