నా స్నేహితురాలి రక్తం, మా అయస్కాంతం

పోయిన నెల బీపీ మాత్రల కోసం మహబూబాబాద్ దవాఖానలో కూర్చున్నప్పుడు, పక్కనే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బున్న ఒక పిల్లకు నర్సమ్మ మందులిచ్చి, రోజూ మరవకుండా వేయాలని తల్లికి నిదానంగా చెబుతుంటే, నా మనసు నలభై ఏళ్లు దాటి డోర్నకల్ బడికి వెళ్లిపోయింది.

నాయిన రైల్వేలో పనిచేసేవారు. బడిలో నా పక్కన కూర్చునే స్నేహితురాలు తండా నుంచి నడిచి వచ్చేది. చలికాలంలో కీళ్లు పట్టేసి ఆమె వారాల తరబడి రాకపోతే సారు బద్ధకమనేవారు, ఇంట్లోవాళ్లు వాతమనుకునేవారు, నేనేమో తన నోట్సు కూడా నేనే రాయాల్సి వస్తోందని విసుక్కునేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత హైదరాబాదులో పరిశోధనకు చేరితే నాకు అప్పగించిన పని సరిగ్గా ఈ సికిల్ సెల్ జబ్బు మీదే. రక్తాన్ని సన్నని గాజు గొట్టంలో పోసి, గదిలో సగముండే అయస్కాంతం నడుమ దించేవాళ్లం. ఆక్సిజన్ తగ్గించగానే లోపమున్న హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని కడ్డీల్లా బిగుసుకునేవి, ఆ సంగతి రక్తంలోని నీటి నుంచి వచ్చే సంకేతం తొందరగా సన్నగిల్లడాన్ని బట్టి తెలిసేది. జబ్బు లక్షణాలు చదువుతుంటే నాకు స్నేహితురాలే కనిపించింది. ఉత్తరం రాస్తే తల్లిని వెంటబెట్టుకుని రైలెక్కి వచ్చింది. డాక్టరు పరీక్షించి, అదేనన్నారు.

మా పనికి రక్తం తీసేముందు అడిగింది.

"గిది చూస్తే నా నొప్పులు తక్కువైతయా?"

అబద్ధమాడటానికి నోరు రాలేదు. "నీకు కాకపోవచ్చు. తర్వాత పుట్టెటోళ్లకు అక్కరకొస్తదేమో" అన్నాను.

ఆమె చెయ్యి చాపింది. "అయితే జర ఎక్కువనే తీస్కో."

డాక్టరు చెప్పినంతే తీసుకున్నాం. ఆ సంకేతాన్ని చూపే గ్రాఫు గీతలు ఎంతో స్పష్టంగా వచ్చాయి, అందరూ మెచ్చుకున్నారు. రెండేళ్లు తిరగకముందే ఆమెకు ఛాతీలో నొప్పి వచ్చింది. దవాఖాన చేరేలోపే పోయింది.

నెల తర్వాత తండాకు వెళ్తే, వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని తమ భాషలో చాలాసేపు ఏడ్చి, చివరికి తెలుగులో అడిగింది.

"నా బిడ్డ రక్తం అక్కరకొచ్చిందా, బిడ్డా?"

వచ్చిందన్నాను.

ఇప్పుడు తండాలకే వచ్చి పరీక్ష చేస్తున్నారు, మందులిస్తున్నారు. అవి ఎవరెవరో ఎక్కడెక్కడో పడ్డ కష్టానికి ఫలం. అందులో ఆమె రక్తం వాటా ఎంతని అడిగితే, ఇంత వయసొచ్చినా నా దగ్గర జవాబు లేదు. ఆ తల్లి మాత్రం ఆ రోజు నా మాట నమ్మి, కళ్లు తుడుచుకుని, పొయ్యి రాజేసి నాకు జొన్నరొట్టె కాల్చిపెట్టింది.