దుప్పటిలోకి దిగిన వేళ్ళు

కుట్టుపని చేసే మనిషికి ఇంట్లో తడి అంటే ఎంత చిరాకో వేరే చెప్పాలా? అలాంటిది టైలరమ్మ ఇంట్లో చెయ్యి పెట్టిన చోటల్లా తడే. స్నానాల గదిలో బకెట్టు నిండా నానుతున్న గోధుమలు. ఫ్రిజ్ మీద ఒక ట్రే, చెప్పుల స్టాండు నిండా ట్రేలు, కుట్టుమిషను వెనక కిటికీ గట్టు మీద ఇంకొకటి. వాటి కింద కారే నీళ్ళు పట్టడానికి వంటింటి గిన్నెలన్నీ అక్కడికే చేరాయి. పొద్దున్నే పాలు కాచుకుందామని గిన్నె కోసం వెతికితే అది మొలకల కింద డ్యూటీలో ఉండేది.

ఇదంతా వాళ్ళాయన డ్రైవరుగారి నిర్వాకం. బస్సు దిగిపోయి ఏడాది దాటినా వీధిలో అందరూ ఆయన్ని ఇంకా అలాగే పిలుస్తారు. కళ్ళకి పక్కనున్నవి సరిగా ఆనడం లేదని డాక్టరు తేల్చగానే డిపో వాళ్ళు ఆయన్ని స్టీరింగు ముందు నుంచి లేపేశారు. మిగతావన్నీ మాన్పించే పని ఇంట్లో టైలరమ్మ చేపట్టింది. స్కూటరు తాళం బీరువాలో పెట్టేసింది. కరెంటు బిల్లు, బజారు, గ్యాసు సిలిండరు, అన్నీ తన నెత్తినే వేసుకుంది. ఆయన చేతిలో ఏది కనబడినా "ఇలా ఇవ్వండి, మీకు కనబడదు" అని లాగేసుకునేది. చివరికి ఆయనకంటూ మిగిలినవి పెరట్లో కోళ్ళు.

ఆ కోళ్ళ గుడ్లు కొనే మనిషి వీధి చివర బేకరీ ఆవిడ. ఒకరోజు, "బావగారూ, ఈమధ్య సొన మరీ పాలిపోతోందండీ, కేకుకి రంగు రావట్లేదు" అని ఓ మాట అనేసి పోయింది. అంతే, డ్రైవరుగారికి నిద్ర పట్టలేదు. పాత స్నేహితుడెవరో ఫోన్లో చెప్పాడట, గోధుమలు నానబెట్టి ట్రేల్లో పరిచి పూటపూటా తడిపితే వారం తిరిగేసరికి పచ్చటి మేత చాపలా లేస్తుందని, అది తిన్న కోళ్ళ గుడ్లలో సొన ముదురు పసుపుగా వస్తుందని. వెంటనే బేకరీలో పారేసిన పాత ట్రేలు మోసుకొచ్చారు. నీళ్ళు దిగడానికి మేకుతో చిల్లులు పొడిచారు. అదైనా సన్నటి మేకా? దొరికినవాటిలో లావుపాటిది. ఒక్కో చిల్లులోంచి గోధుమ గింజ దర్జాగా జారిపోయేది. అందుకని అడుగున తడిగుడ్డ పరిచి, దాని మీద గింజలు పోసేవారు.

మొదటి విడత బూజు పట్టింది. ఇల్లంతా పుల్లటి కంపు. టైలరమ్మ ముక్కు మూసుకుని, "పారేయండి బాబూ" అంటే, "గాలి తగల్లేదే, అంతే" అని చెప్పుల స్టాండు తెచ్చి నట్టింట్లో పెట్టారు.

"ఏవండీ, ఇంట్లో ఈ ట్రేలు ఉండాలా, మనం ఉండాలా? పెరట్లో పెట్టుకోకూడదా? ఏదో ఒకటి తేల్చండి."

"అక్కడ ఎండ. వాడిపోతాయి. వాటికి నీడ కావాలి."

"నాకక్కర్లేదా నీడ?" అని ఆవిడ మిషను తొక్కుతూ గొణుక్కునేది. ఆయన వినిపించుకుంటేగా. చెంబు పట్టుకుని ట్రే ట్రేకీ తిరుగుతూ, వేలితో గింజల్ని నొక్కి చూస్తూ, "ఇది రేపటికి లేస్తుంది" అని తనలో తను లెక్కలు వేసుకునేవారు. టైలరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బేకరీ ఆవిడ ఒక దుప్పటి తెచ్చి ఇచ్చింది. పల్చటి నూలు దుప్పటి. పోయిన వాళ్ళమ్మ చివరిదాకా కప్పుకున్నది. అంచు పొడుగునా ఆ పెద్దావిడ తన చేత్తో కుట్టుకున్న నీలం పువ్వులు.

"అక్కా, దీంతో మా పాపకి గౌను కుట్టు. వేరే ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. నీ దగ్గర గుడ్డ పాడవడమనేది ఉండదుగా" అంది.

అది నిజం. ఇన్నేళ్ళలో టైలరమ్మ చేతిలో ఒక్కరి గుడ్డ కూడా పాడవలేదు. కుట్టు ఆలస్యమయ్యేది, మెడ కాస్త బిగుతయ్యేది, కానీ గుడ్డకు ఏమీ కాలేదు. వీధిలో ఆ పేరుంది. ఆ పేరంటే ఆవిడకు ప్రాణం. పెట్టె వాసన పోవాలని దుప్పటిని ఒకసారి నీళ్ళలో జాడించి పెరట్లో తీగ మీద ఆరేసింది. ఈలోగా మబ్బు పట్టింది. మిషను మీద నుంచి లేవలేక, "ఏవండీ, తీగ మీద బట్టలు తియ్యండి" అని కేకేసింది. ఆయన తీసి, మడతపెట్టి, బీరువాలో పెట్టారు. పెట్టారనే ఆవిడ అనుకుంది.

గౌను ఇవ్వాల్సిన ముందురోజు మధ్యాహ్నం కత్తెర, సుద్ద ముక్క సిద్ధం చేసుకుని బీరువా తెరిస్తే దుప్పటి లేదు. కింద అర, పై అర, మంచం కింద, ఎక్కడా లేదు.

"ఏవండీ, బేకరీ ఆవిడ దుప్పటి ఎక్కడ పెట్టారు?"

"ఏ దుప్పటి?"

"పల్చటిది. నీలం పువ్వులది."

చెంబు పట్టుకున్న ఆయన చెయ్యి ఆగిపోయింది. నెమ్మదిగా చెంబు కింద పెట్టి, కిటికీ గట్టు మీది ట్రే వైపు చూశారు. అన్నిటికంటే బాగా ఎదిగిన ట్రే అది. జానెడు పచ్చగా లేచింది. పొద్దుటి నుంచి దాన్ని చూసుకుని మురిసిపోతున్నారు కూడా.

"తడిగా ఉంది, పాతదిగా ఉంది. కుట్టే గుడ్డలు నువ్వు బీరువాలోనే పెడతావుగా. ఇది తుడిచే గుడ్డ అనుకుని మడతపెట్టి గింజల కింద పరిచానే."

టైలరమ్మ మేతను అంచు పట్టుకుని ఎత్తింది. దుప్పటి కూడా దాంతోపాటే లేచింది. కింద నుంచి చూస్తే పోగు పోగు మధ్య నుంచి తెల్లటి వేళ్ళు దూసుకొచ్చి, నీలం పువ్వుల మీద చిక్కగా అల్లుకుపోయాయి. ఏ మిషనూ అంత గట్టిగా కుట్టలేదు.

తిడుతుందని ఆయన తల వంచుకుని నిలబడ్డారు. ఆవిడ చిన్న కత్తెర తీసుకుని కిందే చతికిలబడి వేళ్ళు ఒక్కొక్కటీ కత్తిరించసాగింది. ఆయన పక్కన కూర్చోబోతే, "లేవండి. మీకు కనబడదు" అంది. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు.

ఎంత జాగ్రత్తగా లాగినా మధ్య భాగం జల్లెడైపోయింది. ఆకుపచ్చ మరకలు సబ్బుకి లొంగలేదు. ఒకవైపు అంచు, దాన్ని ఆనుకుని కాస్త గుడ్డ మిగిలాయి. మర్నాడు సాయంత్రం బేకరీ ఆవిడ వచ్చేసరికి టైలరమ్మ ఆ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"నేనే పాడుచేశాను చెల్లీ. ఏమరుపాటున తడిలో వదిలేశాను. నా చేతులారా చేసుకున్నాను."

బేకరీ ఆవిడ గుడ్డ విప్పి చూసింది. చిల్లుల్లోంచి తన చేతి వేళ్ళు కనబడేసరికి మొహం తెల్లబోయింది. "నీ దగ్గరైతే ఏమీ కాదనుకున్నానక్కా" అని మాత్రం అని, గుడ్డ గుండెకు హత్తుకుని వెళ్ళిపోయింది. ఆ మాటకు టైలరమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. పేరు పోయింది. పోతే పోయింది, చూపు తగ్గిన మనిషిని వీధిలో పెట్టడం కంటే నయం అనుకుంది.

లోపలికి తిరిగితే డ్రైవరుగారు గది మధ్యలో నిలబడి ఉన్నారు. ఆయన మొహం అంత ఎర్రబడటం ఆవిడ ఈమధ్య చూడలేదు.

"నువ్వు చేశావని ఎందుకు చెప్పావు?"

"ఇప్పుడా గొడవెందుకండీ. మిమ్మల్ని ఏమంటాం, పాపం—"

"అదే. ఆ పాపం అనే మాటే వద్దు. బస్సు నడిపినన్నాళ్ళూ అద్దం పగిలినా, ఎవరి కాలైనా తొక్కినా, నేనేనని చెప్పాను. స్కూటరు తీసుకున్నావు, బజారు తీసుకున్నావు, సరే. చేసిన తప్పు కూడా నాకు మిగల్చవా?"

ఆయన చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయారు.

బేకరీ నిండా జనం ఉండే వేళ అది. వెంట వెళ్ళాలో వద్దో తెలియక టైలరమ్మ గుమ్మానికీ మిషనుకీ మధ్య తిరిగింది. కాసేపు భయం, కాసేపు కోపం. ఈ వయసులో ఈ పౌరుషాలేమిటని తిట్టుకుంది. తిట్టుకుంటూనే కళ్ళు తుడుచుకుంది.

ఆయన తిరిగొచ్చేసరికి చంకలో ఆ గుడ్డ ఉంది.

"మిగిలిన దాంతో ఏదొస్తే అది కుట్టమంది. టోపీ అయినా సరేనంది."

"ఏమంది మిమ్మల్ని?"

"తిట్టింది. రొట్టెల కోసం నిలబడ్డ వాళ్ళందరి ముందూ. కళ్ళు లేకపోతే అడగడానికి నోరు లేదా అంది. నీ కోళ్ళ మేతకి మా అమ్మ గుడ్డే దొరికిందా అంది. చాలాసేపు తిట్టింది."

చెప్తుంటే ఆయన మొహం తేటగా ఉంది. భుజాలు నిటారుగా ఉన్నాయి. బస్సు దిగినప్పటి నుంచి ఆయన్ని ఒక మనిషిగా లెక్కేసి తిట్టినవాళ్ళు లేరని టైలరమ్మకు అప్పుడు తట్టింది. తను కూడా సణిగింది, గొణిగింది, చేతిలోవి లాక్కుంది, అంతే. నిన్న తిట్టాల్సిన చోట నోరు మూసుకుని కత్తెర పట్టుకుంది. ఆవిడకు తన మీదే చెప్పలేనంత కోపం వచ్చింది. ఆయన మీద ఎలాగూ ఉంది.

"ఆవిడే తిట్టాలా? నాకు రాదా తిట్టడం?" అంది. "అలా కూర్చోండి."

ఆయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. ఆవిడ పాల గిన్నెతో మొదలుపెట్టి, బూజు కంపు మీదుగా, ఆ లావుపాటి మేకు దగ్గర్నుంచి నీలం పువ్వుల దాకా, ఏదీ వదలకుండా తిట్టింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు.