కేచర్ మీద రాసిన కంప్లయింట్

ట్రాయ్‌లో కార్ల విడిభాగాలు తనిఖీ చేసే ఉద్యోగం నాది. పగులు కనిపించని పార్టు చేతికొస్తే, ఎక్కడో దాచేశారనుకుంటాను. "నువ్వు మనుషుల్ని కూడా రిజెక్ట్ చేసేస్తావే" అంటారు మా ఆయన. అంటే అననీ. ఆదివారాలు పెద్దవాళ్ళ బేస్‌బాల్ లీగ్‌లో అంపైరింగ్‌కి ఒప్పుకున్నదీ అందుకే. తప్పు పట్టమని పిలిచి మరీ అడిగే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది!

నేను నిలబడేది హోమ్ ప్లేట్ వెనకాల. నేలలో పరిచిన తెల్లటి రబ్బరు పలక అది. దాని వెనక బంతి పట్టే కేచర్ గొంతుక్కూర్చుంటాడు, అతని వీపు మీదుగా నేను వంగి చూస్తాను. బ్యాట్ అంచుకు తగిలిన బంతి అతని గ్లవ్‌కి దొరక్కపోతే, నా ఒంటికే.

ఆ ఆదివారం కేచర్‌కి గుబురు గడ్డం. రెండో ఇన్నింగ్స్‌లో అతను స్ట్రైక్, అంటే సరిగ్గా పడిన బంతి, అనుకున్నదాన్ని నేను బాల్, అంటే గురి తప్పింది, అన్నాను. కిక్కురుమనలేదు. వాదించేవాణ్ణయినా నమ్ముతాను గానీ ఈ మౌనం నాకు నచ్చలేదు. మరుసటి బంతే బ్యాట్‌కి రాసుకుని వచ్చి నా భుజం మీద పడింది. అమ్మో! కళ్ళు బైర్లు కమ్మాయి. ఇతను కావాలనే పక్కకి తప్పుకున్నాడా?

"ఆర్ యూ ఓకే?" అన్నాడు. ఓకే అన్నాను, పళ్ళు బిగబట్టి.

అతను తాపీగా లేచి, బంతి విసిరే పిచర్ దగ్గరికి నడిచాడు. నోటికి గ్లవ్ అడ్డం పెట్టుకుని గుసగుసలు. ఇద్దరూ నవ్వారు. ఓహో, అదా సంగతి! ఐదో ఇన్నింగ్స్‌లో ఇంకోటి, ఈసారి నా మొహానికున్న మాస్క్ మీద. తల దిమ్మెక్కిపోయింది. మళ్ళీ అదే నడక, అవే గుసగుసలు. అనుమానం కాస్తా నాకు రూఢి అయిపోయింది.

ఏడో ఇన్నింగ్స్‌లో బంతి అతని వేళ్ళకే తగిలింది, గ్లవ్ లేని చేతికి. మోకాళ్ళ మీద కూలబడి చెయ్యి కడుపులో దాచుకున్నాడు. ఓసారి నా వైపు చూశాడు. తగిన శాస్తి జరిగింది అనుకున్నాను, నిజం చెప్తున్నాను. వెంటనే ఆట కానివ్వమని "ప్లే!" అని అరిచాను. ఆ చేత్తోనే మళ్ళీ కూర్చున్నాడు.

ఆట అయ్యాక కార్‌లో కూర్చుని, కేచర్ కావాలనే నాకు దెబ్బలు తగలనిచ్చాడని లీగ్‌కి కంప్లయింట్ టైప్ చేశాను. పంపితే ఈ సీజన్‌కి అతని ఆట అయిపోయినట్టే. నాకు ఈ పని నేర్పిన బాబాయిగారు, రిటైరయ్యాక కూడా అంపైరింగ్ మానని తెలుగాయన, అటుగా వస్తే ఫోన్ చూపించాను.

చదివి పకపకా నవ్వారు. "ఎంత పిచ్చిదానివే అమ్మాయ్! నీ మీద ప్లాన్ ఏంటి? దెబ్బ తగిలిందని మన అంపైర్లం గేమ్ ఆపుకోం, పరువు అడ్డొస్తుంది. అందుకే కేచర్ వెళ్ళి పిచర్‌తో ఏదో ఊరికే మాట్లాడి వస్తాడు, నువ్వు కాస్త ఊపిరి తీసుకుంటావని. మంచోడు, రెండుసార్లు టైమ్ ఇచ్చాడు నీకు."

రాసినదంతా ఆయన ముందే డిలీట్ చేశాను.

"వాళ్ళకి తగిలితే మనమూ అంతే. దుమ్ము లేకపోయినా బ్రష్ తీసి ప్లేట్ తుడుస్తాం, నెమ్మదిగా. ఇది రూల్ బుక్‌లో ఉండదులే. ఇవాళ పాపం అతని వేళ్ళు బాగా వాచాయట. తుడిచావుగా?"

బ్రష్ పొద్దున పెట్టుకున్నట్టే నా జేబులో ఉంది.

"తుడిచాను బాబాయిగారూ," అన్నాను.

ఆయన వెంటనే నమ్మేశారు.