ఓనరమ్మతో ద్రాక్షతోటకి

మా ఆయన సీసాల మీద అంటించే లేబుళ్లు అచ్చువేసే కంపెనీలో పనిచేసేవారు. సోలాపూర్ దాటాక తోట, ఫ్యాక్టరీ ఉన్న ఒక వైన్ వ్యాపారి ఆయన దగ్గర లేబుళ్లు కొనేవాడు. కోతల కాలంలో రెండు రోజులు వచ్చి ఉండి, తోట చూసి, వైన్లు రుచి చూసి వెళ్లమని ఏటా పిలిచేవాడు. ఏటా ఏదో ఒక పని అడ్డొచ్చేది. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న ఆ ఏడు, బంద్ పుణ్యమా అని నేను పాఠాలు చెప్పే దిల్‌సుఖ్‌నగర్ స్కూలుకి సెలవులొచ్చాయి. సరే వెళ్దాం అనుకుంటే అదే బంద్ వల్ల రైలు రద్దయింది. మాకున్న పాత కారులోనే బయల్దేరదామన్నారు మా ఆయన.

అప్పుడు మేం ఎల్బీనగర్‌లో ఒక ఇంటి పై వాటాలో అద్దెకుండేవాళ్లం. కింద ఓనరమ్మ. అక్కడి పాత ఊరి మనిషి, పొడుగ్గా, గట్టిగా మాట్లాడేది. భర్త పోయాక ఇంటి వ్యవహారమంతా తనే చూసుకునేది. ధర్నా ఎక్కడ జరిగినా ముందు వరసలో ఉండేది. మాది తెనాలి. ఉద్యమం వేడెక్కే కొద్దీ నాకు ఆవిడ దగ్గరికి వెళ్లాలంటే ఏదో బెరుకు. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. నేనే చప్పుడు కాకుండా మెట్లెక్కి వెళ్లిపోతుండేదాన్ని.

దానికి తోడు మా ఆయన కంపెనీ విజయవాడలో కొత్త ఆఫీసు తెరుస్తోంది. అక్కడికి వెళ్తావో, ఇక్కడే ఉంటావో సోమవారం చెప్పమన్నారు. మా వాళ్లంతా ఫోన్లు చేసి, వచ్చేయండి, ఇంకా అక్కడెందుకు అంటున్నారు.

తెల్లవారుజామున కారులో బ్యాగు పెడుతుంటే ఓనరమ్మ గేటు దగ్గరికొచ్చింది.

"ఏడికి బిడ్డా, బంద్ నాడు?"

చెప్పాను. ద్రాక్షతోట అనగానే ఆవిడ ముఖం మారిపోయింది. "జర ఆగుండ్రి. నేను గూడ ఒస్త" అంది. మేం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

"తొవ్వల ఎవడన్న ఆపితే ఏం జేస్తరు? నోరిప్పంగనే మీ ఊరేదో తెల్సిపోతది. నేనుంటే ఎవడాపుతడో సూస్త" అని లోపలికి వెళ్లి, చీర మార్చుకుని, సంచితో వచ్చి ముందు సీట్లో కూర్చుంది. కారు కదిలాక మెల్లగా అంది: "నిజం జెప్పాల్నంటే తోట సూడాలె నాకు. మాది పోయి ఇరవై ఏండ్లాయె."

సంగారెడ్డి దాటాక ఉద్యమకారులు కారు ఆపేశారు. హైవే మీద అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పెద్ద పెద్ద గంజుల్లో అన్నం, పప్పు ఉడుకుతున్నాయి. లారీలు బారులు తీరి ఉన్నాయి. ఓనరమ్మ దిగి, వాళ్లతో ఏదో మాట్లాడి, నవ్వి, మమ్మల్ని పిలిచింది. "దిగుండ్రి. తిన్నంక పంపుతరట."

రోడ్డు మీదే విస్తళ్లు వేశారు. పప్పు వడ్డిస్తున్న ఒకామె నన్నడిగింది. "మీది ఏ ఊరమ్మా?"

ఓనరమ్మ ఏదో ఒకటి చెప్పి కాపాడుతుందనుకున్నా. ఆవిడ తల వంచుకుని అన్నం కలుపుతోంది.

"తెనాలి" అన్నాను.

పక్కనే ఉన్న ఒక పెద్దమనిషి తలెత్తాడు. "మా పోరగాండ్లకు నౌకర్లు లేవమ్మా. గందుకే గీ రోడ్డు మీద కూసున్నం. మీ మీద కోపంతోని గాదు" అన్నాడు. గొంతులో కోపం లేకపోలేదు. కానీ మాటల్లో దాచుకున్నదేమీ లేదు. తలూపాను. పప్పు గరిటె పట్టుకున్నామె "తెనాలైతేంది, ఉప్పు సాలిందా?" అని మళ్లీ వడ్డించింది. పప్పు నిజంగా బాగుంది. రెండోసారి నేనే అడిగి వేయించుకున్నాను.

తోట చేరేసరికి సాయంత్రమైంది. ఆ యజమాని మమ్మల్ని ఒక చల్లటి గదిలో కూర్చోబెట్టి సన్నటి గ్లాసుల్లో వైన్ పోశాడు. ఆయన హిందీలో చెబుతుంటే నాకు సగం అర్థమయ్యేది కాదు. ఓనరమ్మే తెలుగు చేసి చెప్పింది. గ్లాసు తిప్పాలి, వాసన చూడాలి, గుక్క నోట్లో పెట్టుకుని ఆ తర్వాత పక్కనున్న బకెట్‌లో ఉమ్మేయాలి.

చివరి మాట దగ్గర ఆవిడ ఆగిపోయింది. "ఉమ్ముడేంది? పండించిన పంటను ఎవలన్న ఉమ్ముతరా?" అని గ్లాసు ఖాళీ చేసింది. యజమాని పడీపడీ నవ్వాడు.

నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నా. మా ఇళ్లలో మగవాళ్లే దొంగచాటుగా తాగుతారు, ఆడవాళ్ల ఊసే లేదు. ఆవిడ నా బెరుకు కనిపెట్టింది.

"మా దిక్కు పెండ్లయినా పండుగయినా ఆడోళ్లు గూడ కల్లు తాగుతరు. దాన్ల సిగ్గేముంది? నీకిష్టముంటే తాగు, లేకుంటే పెట్టెయ్. భయపడి మాత్రం పెట్టెయ్యకు."

తెల్ల వైన్ వాసన పచ్చి మామిడికాయ కోసినట్టుంది. గుక్క తాగితే పులుపు చెవుల దాకా పాకింది. ఎర్రది వగరు. దోర నేరేడుపండు తిన్నట్టు నాలుక పట్టేసింది. ఆఖర్న ఇచ్చిన తియ్యటిది మాత్రం ఇంకొంచెం పోయమన్నాను. మా ఆయన కళ్లు పెద్దవి చేసి చూశారు.

మర్నాడు పొద్దున్నే నేనూ ఓనరమ్మా తోటలోకి వెళ్లాం. తీగల్ని కంచెలా వరసలుగా పాకించారు. గుత్తులు నల్లగా, చిన్నచిన్న పళ్లతో ఉన్నాయి. ఆవిడ ఒకటి నోట్లో వేసుకుని, "అన్ని గింజలే" అని పెదవి విరిచింది. వాళ్లది తినే ద్రాక్ష, అనాబ్‌షాహీ రకం. తల మీదుగా పందిరి. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు పొడుగుపిల్ల కావడంతో పందిరి కింద వంగి నడిచేదట. పొట్టిగా ఉండే మొగుడు నిటారుగా నడుస్తూ, "ఈ ఒక్కకాడ్నే నేను నీకంటే మంచిగ నడుస్త" అని నవ్వేవాడట. తర్వాత బోర్లు ఎండిపోయాయి. తోట కొట్టేసి ప్లాట్లు చేశారు. మేముంటున్న కాలనీ అదే.

"బాధనిపించలేదా ఆంటీ?"

"ఏడ్సిన. మల్ల ఇండ్లు లేసినయి, దీపాలు ఎలిగినయి, పిల్లలు ఆడుకున్నరు. ఎండిన చెలక కంటే మనుషులుండుడు మేలు గదా అనిపించింది."

అప్పుడు విజయవాడ సంగతి చెప్పాను. ఆవిడ నడక ఆపి నా వైపు తిరిగింది.

"నాకు తెలంగాణ గావాలె బిడ్డా. ఎవలేమన్నా అది ఇడువ. గని మిమ్ముల పొమ్మని ఎన్నడన్న అన్ననా?"

"అనలేదు."

"మరి నాతోని మాటలెందుకు బంద్ జేసినవ్?"

"భయమేసింది ఆంటీ."

"నాకు గూడ భయమైంది, పైన ఇల్లు ఖాళీ అయితదేమోనని" అంది. ఆవిడ గొంతు అంత చిన్నగా పలకడం నేను వినడం అదే మొదటిసారి. ఇద్దరం తోట చివరిదాకా నడిచి, మాట్లాడుకుంటూనే వెనక్కొచ్చాం. ఆ పూట ఎన్ని కబుర్లో. ఆవిడ మొగుడి గురించి, నా స్కూలు గురించి, పచ్చళ్ల గురించి.

ఆదివారం తిరుగు ప్రయాణంలో ఆవిడ వెనక సీట్లో నిద్రపోయింది. మా ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, "ఏమంటావు?" అన్నారు. "ఉందాం" అన్నాను. సోమవారం ఆయన ఆఫీసులో అదే చెప్పారు. మా వాళ్లు కొన్నాళ్లు అలిగారు, తర్వాత వాళ్లే సర్దుకున్నారు.

రాష్ట్రం ప్రకటించిన రోజున వీధంతా డప్పులు, రంగులు. ఓనరమ్మ పైకొచ్చి నా నోట్లో లడ్డూ పెట్టింది. నేను నిండు మనసుతో తిన్నానని చెప్పలేను, కానీ ఇష్టం లేకుండా తినలేదు. "ఎట్లుందే?" అని అడిగింది. "తియ్యగా ఉంది" అన్నాను. ఆ సాయంత్రం ముగ్గురం మేడ మీద నిలబడి, దిల్‌సుఖ్‌నగర్ వైపు ఆకాశంలో తారాజువ్వలు పేలుతుంటే చూశాం. కింద ఎవరో ఆవిణ్ణి పిలిచారు. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని లాగింది. నేనూ డప్పుల దగ్గరికి దిగాను.